ట్యాబు చేతికి వచ్చిన పిమ్మట



ఈపాటికి మీలో ననేకులు పొలము పనులు ముగించుకొని, కాళ్లు కడుగుకొని, అరుగులమీద చేరియుందురు. మీ వసారాలోనో, పొరుగింటి గడపయొద్దనో పదునాలుగేండ్ల మనుమడొకడు గోడకు చేరగిలబడి, అఱచేతిలో వెలుగుచున్న తెరవంక చూచుచుండును. "ఏమిరా చేయుచున్నావు?" అని యడిగితిరా, "చదువుకొంటున్నాను తాతా" అనును. అది నిజమో కాదో మీకు తెలియదు. పూర్వము కుఱ్ఱవాని చేతిలో పుస్తకమున్న చదువుచున్నాడనియు, బొంగరమున్న ఆడుచున్నాడనియు వీధి చివరనుండియే తెలిసిపోయెడిది. ఈ పరికరములో పుస్తకమును బొంగరమును ఒక్కచోటనే యున్నవి. ఈ చిక్కును గుఱించి నేడు మీతో నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

నేను విశాఖపట్టణమునను, దాని చుట్టుప్రక్కలను ఉన్నత పాఠశాలలలో గణితమును, భౌతికశాస్త్రమును చెప్పి 2025లో పని విరమించినవాడను. సుద్దముక్కతో నుద్యోగము మొదలుపెట్టి, గోడనిండు తెరతో ముగించితిని. ఈ క్రొత్త పరికరములయెడల నాకు మూఢభక్తి గాని, మూఢద్వేషము గాని లేదని చెప్పుకొనిన వినుటకు బాగుండును. నిజము చెప్పవలెనన్న, ఆ రెండును కొంతకొంత కాలము నన్ను పట్టి విడిచినవే.

ఇవి మన యూళ్లకు వచ్చిన క్రమమును ముందు చెప్పెదను. 2017 సెప్టెంబరు 5వ తేదీని, గురుపూజోత్సవము నాడు, కేంద్రప్రభుత్వము దీక్ష అను పేరుతో ఒక పాఠముల భాండారమును తెఱచినది. మీ మనుమల పాఠ్యపుస్తకములలో అక్కడక్కడ నల్లచుక్కలు నిండిన చిన్న చదరము అచ్చువేసి యుండుట మీరు చూచియుందురు. ఫోనును దానియెదుట పట్టిన, ఆ పాఠమునకు సంబంధించిన బొమ్మయో, మాటయో తెఱచుకొనును. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడగా, దూరదర్శనములోను, రేడియోలోను పాఠములు వినిపింపవలసి వచ్చినది. ఆ సంవత్సరమున మన రాష్ట్రములో పదవ తరగతి పరీక్షయే జరుగలేదు. మఱుసటి సంవత్సరమును అంతే. ఫోను ఉన్న యింటి పిల్లవానికిని, లేని యింటి పిల్లవానికిని ఎంత యెడమున్నదో అప్పుడు అందఱి కంటను పడినది.

అటుపిమ్మట 2022 డిసెంబరు 21వ తేదీన రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీని ప్రారంభించినది. నాలుగున్నర లక్షలకు మించిన విద్యార్థులకును, సుమారు 59 వేల మంది ఉపాధ్యాయులకును అవి లభించినవి. మఱుసటి యేడు అదే తేదీన రెండవ విడత మొదలైనది. ఆ సభ జరిగిన యూరు చింతపల్లి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పోలీసుఠాణాపై దాడి చేసి తుపాకులు పట్టుకొనిపోయిన చింతపల్లియే అది. ఆ మన్యములో ఫోను పలుకని గూడెములు అప్పటికిని అనేకము. అందుచేత పాఠములను ముందుగనే చిన్న కార్డులో నింపి, ట్యాబులో అమర్చి యిచ్చిరి. ఇది మంచి యాలోచన. 2023లోనే తరగతిగదులలో నల్లబల్ల ప్రక్కన పెద్ద తెరలు వ్రేలాడసాగినవి. వేలితో తాకిన పలుకును. దానిమీద వ్రాయవచ్చును, చెఱుపవచ్చును, కదలు బొమ్మ చూపవచ్చును.

పరికరములకు మాత్రము కొదువలేదు. మఱి చదువు సంగతి యేమి?

నా తప్పొకటి చెప్పుకొందును. పెద్ద తెర వచ్చిన క్రొత్తలో నేను మిక్కిలి సంబరపడితిని. కాంతి వక్రీభవనమును గుఱించి నలువది నిమిషముల చలనచిత్రమొకటి సంపాదించి తరగతికి చూపితిని. అఱువది మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూచిరి. ఒక్కడైనను మాటలాడలేదు, కిటికీలోనుండి చూడలేదు. నా జన్మలో ఇంత నిశ్శబ్దమైన తరగతిని చూడలేదని ఆనాడు ఇంటికి పోయి గొప్పగా చెప్పుకొంటిని. మఱునాడు ఒక గాజుగ్లాసులో నీరు పోసి, పెన్సిలు నిలిపి, "ఇది విఱిగినట్లు కనబడుచున్నదేల?" అని యడిగితిని. నలుగురు చేతులెత్తిరి. అందులో ముగ్గురు సినిమాలోని పాట రాగమును మాత్రము చక్కగా చెప్పిరి. నిశ్శబ్దమును శ్రద్ధయని నేను పొరబడితిని. తోలుబొమ్మలాట చూచువారును నిశ్శబ్దముగనే యుందురు. అంతమాత్రమున వారికి బొమ్మ నాడించుట రాదుగదా.

ఆ దినమునుండి నాకు తెలిసినదొక్కటే. పిల్లవానికి తెర చూపుట వేఱు, తెరతో పని చేయించుట వేఱు. మొదటిదానిలో వాడు ప్రేక్షకుడు, రెండవదానిలో కర్త. పదునాలుగు, పదునైదేండ్ల పిల్లలు పసివారు కారు. వారికి పని కావలెను. ఆ పనిలో తమకు తెలిసినదానికి కొంత విలువ యుండవలెను. లేకున్న చదువు వారికి పరాయిదగును. ఎనిమిదవ తరగతికిని పదవ తరగతికిని నడుమనే మన పిల్లలు బడి మానుట యెక్కువ. మగపిల్లవాడు కూలికో, పడవకో పోవును. ఆడుపిల్లకు సంబంధము చూచెదరు.

ఈ సూత్రము క్రొత్తది కాదు. ఈ రేడియోయే అందుకు సాక్షి. చెన్నపట్టణపు ఆకాశవాణిలో న్యాయపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేర్లతో పిల్లల కార్యక్రమములు నడపుట మీలో వృద్ధులు కొందఱు వినియుందురు. వారు పిల్లలకు కథ చెప్పి యూరకుండలేదు. పిల్లలనే మైకు ముందునకు పిలిచి వారిచేతనే చెప్పించిరి, పాడించిరి, నాటకము లాడించిరి. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. అది యంత్రమే గాని, పిల్లవాడు దాని యావలనుండలేదు, లోపలనుండెను.

ఇక విశాఖ సముద్రపుటొడ్డున జరిగిన సంగతి చెప్పెదను. నేను కడపట పనిచేసిన బడికి జాలరిపేటల పిల్లలు చాలమంది వచ్చెడివారు. 2024 జనవరిలో తొమ్మిదవ తరగతి కుఱ్ఱవాడొకడు పదిదినములు కనబడలేదు. కబురుపెట్టగా తండ్రి వచ్చి, "మాస్టారుబాబూ, ఆడికి సదువు అబ్బలేదండి. ఏటకు నాతో పడవెక్కించేత్తాను. లెక్కలు రానోడికి ఈ పలక ఇచ్చి ఏటి లాభం?" అని ట్యాబును బల్లమీద పెట్టినాడు. అతని మాటలో కోపము లేదు. నాకు మాత్రము చెంపపెట్టువలె తగిలినది.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అను జాతీయ సంస్థ యొకటి యున్నది. సముద్రపు సమాచారమును సేకరించి పంచుటయే దాని పని, 1999లో ఏర్పడినది. ఉపగ్రహములు సముద్రము పైనీటి వేడిమిని, నీటిలోని పచ్చదనమును కొలిచి పంపును. పచ్చదనమనగా కంటికి కానరాని సూక్ష్మమైన నాచు. చేపల యాహారమున కదియే మొదలు. వెచ్చని నీరును చల్లని నీరును కలిసికొనుచోట ఈ యాహారము పోగగును, అక్కడికి చేపలు చేరును. ఆ లెక్కనుబట్టి ఫలానా రేవునుండి ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్ల దూరమున, ఇంత లోతున చేపలు దొరకవచ్చునని ఆ సంస్థ సూచన వెలువరించును. తెలుగులోను వెలువరించును. మబ్బు పట్టినపుడు ఉపగ్రహమునకు నీటి వేడిమి తెలియదు గనుక సూచన యుండదు. వేట నిషేధించిన దినములలోను ఉండదు.

ఈ సూచనను మా బడి తెరమీద ప్రతిదినము తెఱచుట మొదలుపెట్టితిని. ఆ కుఱ్ఱవానిని పిలిపించి, "నీవు బడికి రానక్కఱలేదు, ఉదయము పది నిమిషములు వచ్చి దీనిని చదివి, వ్రాసి పొమ్ము" అంటిని. వాడు వచ్చెను. దిక్కు, దూరము, లోతు అని మూడు గడులు గీసి పుస్తకమొకటి పెట్టితిమి. లోతు మీటర్లలో నుండును. వాని తండ్రి యెఱిగిన కొలత బార. రెండు చేతులు బార చాచిన కొలత, ఇంచుమించు ఆఱడుగులు. మీటర్లను బారలుగా మార్చనిదే తండ్రికి చెప్పుట కుదరదు. లెక్కలు రాని వాడు ఆ లెక్కను మూడు దినములలో నోటితో చేయసాగెను. ట్యాబులో చతురస్రపు గళ్ల కాగితమువంటి సాధనమున్నది. దానిపై రేవును మూలబిందువుగా నుంచి ప్రతి దినపు సూచనను చుక్కగా పెట్టుట తక్కినవారి పని. అటుపిమ్మట నాలుగవ గడి యొకటి చేరినది: మఱునాడు ఎవరు ఆ దిక్కునకు పోయిరి, ఏమి దొరకినది? ఆ గడి నింపుటకు పిల్లలు రేవునకు పోయి అడుగవలసి వచ్చెను. వంజరమా, చందువయా, నెత్తళ్లా, వట్టి వలయా, అన్నియు వ్రాసిరి.

నెలదినములు గడచుసరికి తరగతిలో తగవు పుట్టినది. సూచించినచోట కొన్ని దినములు చేపలు దొరకినవి, కొన్ని దినములు దొరకలేదు. ఉపగ్రహము అబద్ధమాడినదా? గాలి మారినదా? పడవ అంత దూరము పోనేలేదా? సూచన లేకుండ పోయినవారికెంత దొరకినదో తెలియకుండ ఈ లెక్క తేలునా? ఈ కడపటి ప్రశ్న ఒక ఆడుపిల్ల యడిగినది. అది ఎం.ఏ. చదివినవా రడుగవలసిన ప్రశ్న. నేనా దినము పాఠము చెప్పలేదు, వట్టిగా కూర్చుండి వింటిని.

కుఱ్ఱవాని తాత ఒకనాడు బడికి వచ్చెను. ఉపగ్రహమును గుఱించి విని నవ్వి, "మాకు కొండలే గురుతులు, బాబూ" అనెను. సముద్రములో నుండి చూచునపుడు యారాడ కొండ కొసనున్న దీపస్తంభము, దాని వెనుకనున్న కొండకొమ్ము ఒక్క వరుసకు వచ్చుటను ఒక గీతగా తీసికొందురు. మఱియొక వైపున అట్టిదే యింకొక జంటను చూచుకొందురు. ఆ రెండు గీతలు కలియుచోట వల వేయుదురు. నీటిమీద గుఱుతు లేకున్నను ఆ చోటికే మఱల రాగలరు. ఆయన మాటలాడుచుండగా పెద్ద తెరమీద సముద్రతీరపు పటమును తెఱచి, ఆయనచేతనే ఆ రెండు గీతలను వేలితో గీయించితిని. వ్రేలు వణకినది, గీత వంకరగా వచ్చినది, పిల్లలు చప్పట్లు కొట్టిరి. రెండు గీతల నడుమ కోణమెంత? కోణము సన్నగిలిన కొలది తప్పు పెరుగునేల? పదవ తరగతి త్రికోణమితికి ద్వారము ఆ తాత తెఱచినాడు. నేను ముప్పదియేండ్లుగా గుడిగోపురము ఎత్తును, తాటిచెట్టు నీడను పట్టుకొని వ్రేలాడితిని.

ఆ పిల్లవాడు బడి మానలేదు. అయితే కథలలోవలె మొదటి తరగతిలోను రాలేదు. 2025 మార్చి పరీక్షలో గణితము తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కి, డీజిలు ఇంజనుల పని నేర్చుకొనుటకు ఐ.టి.ఐ.లో చేరినాడు. 2022లో మొదటి విడతగా ట్యాబులందుకొన్న వారందఱు పదవ తరగతి పరీక్ష వ్రాసినది ఆ యేడే.

మీ యూరిలో సముద్రము లేకపోవచ్చును. పొలమున్నది. 2015 నుండి మన రాష్ట్రములో మీభూమి అను దానిలో అడంగలును, 1బి పత్రమును ఎవరైనను చూచుకొనవచ్చును. తొమ్మిదవ తరగతి పిల్లలచేత పొలము గట్లను గొలుసుతోనో, త్రాడుతోనో కొలిపించి, త్రిభుజములుగా విడదీయించి, వైశాల్యము కట్టించుడు. నూఱు సెంట్లు ఎకరము, సెంటనగా 48.4 చదరపు గజములు. ఈ లెక్క మీకు నోటిమీద నున్నది, వారికి పుస్తకములో లేదు. వచ్చిన వైశాల్యమును ఫోనులోని పత్రముతో సరిచూచుకొనుమనుడు. తేడా వచ్చినచో ఎందుకు వచ్చెనో వారే వెదకుదురు. గట్టు తగవులు పెట్టించుటకు నేనీమాట చెప్పుటలేదు సుమా. అందుచేత సొంత పొలముతోనే మొదలుపెట్టుట మేలు.

తెరవలన మాత్రమే సాధ్యమైన పాఠములును కొన్ని యున్నవి. ఉక్కు కర్మాగారములోని మూడు కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఊరూర నినదించినవారు మీలో నున్నారు. ఆ కొలిమిలోపలికి ఎవడును తొంగిచూడలేడు. బైలదిలా గనులనుండి రైలులో వచ్చిన ఎఱ్ఱరాయి, కోకు బొగ్గు, సున్నపురాయి పైనుండి దిగుచు, క్రిందినుండి వచ్చు వేడిగాలితో కలిసి ద్రవలోహముగా మారు విధమును కదలు బొమ్మలో చూపవచ్చును. నేను సగములో ఆపి, "గాలి తగ్గించిన నేమగును?" అని యడిగెడివాడను. వారు ఊహించి పుస్తకములో వ్రాసిన పిమ్మటనే తక్కిన సగము చూపెడివాడను. ఊహ తప్పినవాడే ఎక్కువ శ్రద్ధతో చూచెడివాడు. అట్లే, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయములో నోబెలు బహుమతి పొందిన కార్ల్ వైమన్ అను శాస్త్రజ్ఞుడు 2002లో ఫెట్ అను పేరుతో ఉచిత ప్రయోగముల నారంభించెను. వానిలో కొన్ని తెలుగునను లభించును. బడిలో నాలుగు బ్యాటరీలు, అఱువది మంది పిల్లలున్నపుడు ప్రతివాడును తెరమీద దీపము వెలిగించి, తీగె తప్పుగా కలిపి, మఱల దిద్దుకొనవచ్చును. కాలిపోవునని గాని, మాస్టారు కసరునని గాని భయము లేదు. ఆ పిమ్మట అసలు బ్యాటరీని చేతికిచ్చిన, ఏమి చేయవలెనో వానికి తెలిసియుండును.

పెద్ద దేశములు ఈ విషయమున తడబడకపోలేదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము 2008 మొదలుకొని బడిపిల్లలకు లక్షలకొలది చిన్న కంప్యూటర్లను పంచినది. 2012లో ప్రకటింపబడిన పరిశీలనలో గణితమునందు గాని, భాషయందు గాని పిల్లలకు లాభమేమియు కానరాలేదు. యంత్రము మాత్రమిచ్చి యూరకున్నారు. దీనికి ప్రక్కన ఢిల్లీలో జరిగిన మఱియొక పరిశీలనను పెట్టి చూడుడు, 2019లో అచ్చయినది. అందులో 619 మంది పిల్లలు. ఆఱవ తరగతివారు గణితములో సగటున రెండున్నర తరగతులు వెనుకబడియుండిరి. పై తరగతులకు పోయినకొలది ఆ యెడము పెరిగినది గాని తగ్గలేదు. వారిలో కొందఱికి బడి విడిచిన తరువాత రోజుకు తొంబది నిమిషములు చదువు చెప్పించిరి: సగము కాలము కంప్యూటరు ముందు, సగము కాలము చిన్న గుంపుగా ఒక మనిషి యొద్ద. ఆ కంప్యూటరు ఏ తరగతి పిల్లవానికి ఆ తరగతి పాఠము చెప్పలేదు. వాడెక్కడ ఆగిపోయెనో అక్కడినుండి ప్రశ్నలడిగినది. నాలుగున్నర నెలలలో వారి గణిత పురోగతి తక్కినవారికన్న ఇంచుమించు రెట్టింపైనది. తొమ్మిదవ తరగతిలో కూర్చుండి అయిదవ తరగతి భాగహారము రాని పిల్లవానిని నలుగురిలో సిగ్గుపఱచకుండ వెనుకకు తీసికొనిపోయి మఱల ముందునకు తెచ్చుట ఒక్క ఉపాధ్యాయుని తరము కాదు. ఆ పనికి యంత్రము చక్కగా పనికివచ్చును.

ఇక నష్టముల మాట. ట్యాబులలోని పాఠములను సమకూర్చిన బైజూస్ సంస్థ 2024లో దివాలా విచారణకు గురియైనది. అప్పటికి మొదటి విడత పిల్లలు పదవ తరగతిలో నుండిరి. ఒక్క వ్యాపారసంస్థను నమ్ముకొని బడి పాఠమును నడపుటలో నున్న అపాయమును ఇది తెలుపును. పాఠము ప్రభుత్వముదియో, అందఱిదియో అయి యుండుట మేలని నా యభిప్రాయము. స్వీడను దేశము 2023లో మఱల అచ్చుపుస్తకములకొఱకు ప్రత్యేకముగా ధనము కేటాయించినది. మన రాష్ట్రములో 2020 నుండి ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఇంగ్లీషు అచ్చువేయు పాఠ్యపుస్తకములున్నవి. వానికి మించిన సాధనము నేను చూడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు దినములతరబడి దీపము లేదు, ఫోను లేదు. కాగితపు పుస్తకము మాత్రము, తడిసినది ఆరబెట్టుకొనిన, పనికివచ్చినది.

ఇంటిలోని సంగతి ఇంకొకటి యున్నది, చెప్పక తప్పదు. ఫోను ఒక్కటియే యున్న యింటిలో అది అన్న చేతిలో నుండును, చెల్లెలు అంట్లు తోముచుండును. ఆడుపిల్లకు ఫోను ఇచ్చిన చెడునని కొందఱు పెద్దలు నాతో వాదించిరి. బడి యిచ్చిన ట్యాబునుగూడ పెట్టెలో పెట్టి తాళము వేసిన తల్లి నెఱుగుదును. చెడునను భయముతో మూసిన పెట్టెలో పదవ తరగతి పరీక్షయు మూతపడినది. భయము నిజమైనదే. అందుకు ఉపాయము నడివసారా. పిల్లలు, మగవారైనను ఆడువారైనను, పదిమంది తిరుగుచోట కూర్చుండి చూచుకొననిండు. రాత్రి భోజనమైన పిమ్మట ట్యాబు గూటిలోనికి పోవలెను. మీరును మీ ఫోనును ఆ గూటిలోనే పెట్టవలెను. లేకున్న పిల్లవాడు మీ మాట వినడు.

2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రములోని ప్రభుత్వ పాఠశాలలన్నింట ఒక్కదినముననే తల్లిదండ్రులతో సమావేశములు జరిపిరి. అటువంటి సభలకు మీవంటి పెద్దలు పోయినపుడు "మా బడికి ఎన్ని ట్యాబులు వచ్చినవి? ఎన్ని పగిలినవి?" అనియే సాధారణముగా అడుగుదురు. అదియు అడుగవలసినదే. దానితోపాటు, "ఈ నెలలో మా పిల్లవాడు దీనితో ఏమి చేసినాడు? చూపించుడు" అని యడుగుడు. చూపుటకు ఒక కొలత పుస్తకమో, పటమో, వాడే వ్రాసిన నాలుగు ప్రశ్నలో యుండిన సరి. ఏమియు లేకున్న మాస్టారిని నిందింపకుడు. ఆయనకును ఎవరో పరికరమిచ్చి, ఒక్కదినము శిక్షణ యిచ్చి పంపివేసియుందురు. మీ పొలములో, మీ మగ్గముమీద, మీ చెఱువు గట్టున కొలువదగినదేమున్నదో ఆయనకు చెప్పుడు. పట్టణమునుండి వచ్చిన ఉపాధ్యాయునికి అది తెలియదు. నాకును తెలియలేదు.

తూర్పు తీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు మరపడవలు వేటకు పోవు. బడులు జూను 12న తెఱతురు. పోయిన జూనులో నేను రేవువైపు పోగా, ఆ ముసలి తాత ఒడ్డున వల బాగుచేసికొనుచుండెను. ప్రక్కన మనుమరాలు, ఐ.టి.ఐ. కుఱ్ఱవాని చెల్లెలు, అన్న యిచ్చిపోయిన ట్యాబును మోకాళ్లమీద పెట్టుకొనియుండెను. దాని తెర ఒక మూల పగిలియున్నది. "ఏ దిక్కు సెప్పిందే?" అని తాత యడిగెను. ఆమె చదివి, మీటర్లను బారలు చేసి చెప్పెను. ఆయన తలయెత్తి గాలివాటము చూచి, "సూద్దాం" అని మఱల వల ముడివేయసాగెను. ఆమె పుస్తకము తెఱచి నాలుగవ గడిని ఖాళీగా నుంచి తేదీ వ్రాసికొనెను.